మిషన్లను తిట్టే బాబాయి

బుద్ధెరిగాక బాబాయి ఏ మనిషినీ పల్లెత్తు మాట అనలేదు. ఆ లోటంతా మిషన్ల మీద తీర్చుకున్నాడు. లిఫ్టు ఆలస్యమైతే "ఏం, ముస్తాబవుతున్నావా?" అనేవాడు. గడియారం వెనకబడితే "తిండి దండగ" అనేవాడు. పిన్ని పాలు పొంగిస్తే తిట్లు తినేది స్టవ్వు. విచిత్రమేమిటంటే, నలభై ఏళ్లు ఆయన చేసిన ఉద్యోగం లిఫ్టులు బాగుచేయడమే.

ఆయన అన్నగారి కూతురు దర్జీ. ఓ పొద్దున్న కోటు గుడ్డ కత్తిరిస్తుండగా ఆమె కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. పరీక్షలన్నీ చేసి నరాలు భేషుగ్గా ఉన్నాయన్నారు. దాంతో లోకం నోటికి పని దొరికింది.

"నరాలు బాగుంటే వణుకెందుకు? పని ఎగ్గొట్టడానికి నాటకం" అన్నాడు దుకాణం యజమాని. రెండు నెలల్లో కుదురుకోకపోతే కత్తెర ఇంకొకరి చేతికి వెళ్తుందని కూడా అన్నాడు. వినగా వినగా అమ్మాయికీ అనుమానం పట్టుకుంది: కొంపదీసి నేనే చేస్తున్నానా?

పెద్ద డాక్టరు ఆ మాట కొట్టిపారేసి ఆమెను బయోఫీడ్‌బ్యాక్ గదికి పంపాడు. తోడు బాబాయి.

అక్కడి థెరపిస్టు ఆమె ముంజేతికి చిన్న బిళ్లలు అంటించి, తీగలు ఓ పెట్టెకు తగిలించింది. పెట్టె మీద తెర.

"ఇది నాటకం కాదమ్మా, నిజం జబ్బే. నరాలు బాగున్నాయి, వాటిలో వెళ్లే కబురే దారి తప్పుతోంది. కండరం బిగిస్తే ఈ గీత పైకెళ్తుంది, పెట్టె కుయ్యిమంటుంది. వదిలితే దిగుతుంది. గీతను చూస్తూ చూస్తూ మీ చెయ్యే వదలడం నేర్చుకుంటుంది."

గీత పైకెళ్లింది. పెట్టె కుయ్యిమంది. ఎలాగైనా వదలాలని అమ్మాయి పళ్లు బిగించింది. గీత ఇంకా పైకెళ్లింది.

"నోర్ముయ్!" అన్నాడు బాబాయి.

థెరపిస్టు ఉలిక్కిపడింది. "నన్నేనా?"

"అయ్యో, మిమ్మల్నెందుకంటానమ్మా! ఈ అరుపుల పెట్టెని. పిల్లని పట్టుకుని ఏంటా గోల?"

"మీరూ ఓసారి కూర్చోండి బాబాయిగారూ."

ఆయన చేతికి బిళ్లలు అంటించారో లేదో గీత వెళ్లి తెర పైఅంచుకు గుద్దుకుంది. పక్క గదిలో వాళ్లు తొంగిచూశారు.

"దీనికి మర్యాద తెలీదు!"

"మీకు కోపమొచ్చిందని చెప్తోందండీ."

"నాకా? కోపమా? నాకా?" కుయ్యి. కుయ్యి. కుయ్యి.

అమ్మాయి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"మీ చెయ్యి చూసుకోండి" అంది థెరపిస్టు అమ్మాయితో. చెయ్యి కదలకుండా ఒళ్లో పడుంది.

అమ్మాయి మొహం పాలిపోయింది. "అంటే... నేను నటిస్తున్నట్టేగా?"

"కాదు. ధ్యాస మళ్లగానే కబురు సరైన దారి పట్టింది. ఆ దారి ఉందని తేలిపోయింది. ఇక నడిచి నడిచి అలవాటు చెయ్యాలంతే."

నెల తిరిగేసరికి గీత చాలావరకు మాట వింటోంది. ఇంట్లో సాధనకు ఓ చిన్న పెట్టె కూడా ఇచ్చారు. అంతలో గడువు దగ్గరపడిందంటూ యజమాని కబురు: సోమవారం వచ్చి కోటు కత్తిరించి చూపించమని. దెబ్బకు చెయ్యి మొదటికొచ్చింది. పెట్టె ఊపిరి తీసుకోకుండా కుయ్యిమంది.

"నావల్ల కాదు బాబాయ్. రేపట్నుంచి నేను ఆ థెరపీకి వెళ్లను."

"నీవల్ల కాకపోవడమేంటి? పాడైంది ఇది!" అంటూ బాబాయి దాని చెవి మెలేసినట్టు తీగ పట్టుకుని బయల్దేరాడు. "పద, నీ సంగతి తేలుస్తా!"

కళ్లజోడు మర్చిపోయాడని అమ్మాయి వెనకాలే వెళ్లింది. థెరపీ గది తలుపు దగ్గర ఆగిపోయింది. లోపల బాబాయి గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది.

"ఇది బాగానే ఉందండీ" అంటోంది థెరపిస్టు.

"తెలుసమ్మా. ఎన్ని మిషన్లు చూశాను! ఈ ఒక్క పూట మీ దగ్గర ఉంచుకోండి. ఇవాళ తప్పు దీనిదైతే పిల్ల రేపు మళ్లీ వస్తుంది. తనని తాను చాలా తిట్టుకుంటోంది. ఇనప్పెట్టెకి గుచ్చుకోవు కదా తిట్లు."

"అబద్ధం చెప్పలేను గానీ, బ్యాటరీ మార్చి శుభ్రంగా తుడిచిస్తాను. ఆ మాట చెప్పుకోండి" అంది థెరపిస్టు.

అమ్మాయి చప్పుడు చెయ్యకుండా ఇంటికొచ్చేసింది. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఏ తప్పూ ఏ మనిషి మీదా ఎందుకు పడలేదో ఆమెకు తెలిసొచ్చింది. మర్నాడు అందరికంటే ముందు వెళ్లి కూర్చుని, చెయ్యి చాచింది.

సోమవారం బాబాయి తోడు రాగా ఆమె వెళ్లేసరికి దుకాణంలో గుడ్డ పరిచారు. చెయ్యి ఓసారి వణికింది. ఆమె భుజం దించి, ఊపిరి వదిలి, తెర మీద గీత దిగే దాకా ఆగినట్టే ఇక్కడా ఆగింది. ఆ తర్వాత కత్తెర కరకరా సాగిపోయింది.

యజమాని వంగి చూశాడు. "అంతా బాగుంది. ఇక్కడొక్కచోట వంకర పోయిందే?"

బాబాయి ఛాతీ పొంగింది. "ఆ కత్తెరకి బొత్తిగా..."

"కత్తెర తప్పేం లేదు బాబాయ్" అంది అమ్మాయి నవ్వుతూ. "నాదే. సరిచేస్తా."

ఆమె చెయ్యి నిలకడగా సుద్దముక్క అందుకుంది. తిట్టడానికి బాబాయికి ఇంకెవరూ మిగల్లేదు. కళ్లెందుకో చెమ్మగిల్లుతుంటే గభాలున తలెత్తి, పైన తిరుగుతున్న ఫ్యాను మీద విరుచుకుపడ్డాడు.

"ఏం చూస్తున్నావ్? గాలి విసురు!"