ఎదురు రాని ట్రామ్‌లో లచ్చన్న

దయ్యాల మాట ఎత్తితే లేచి అవతలికి పోయే మనిషిని నేను. దోహాలో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, లేబర్ క్యాంపుల్లో రకరకాల కథలు విన్నాను, ఒక్కటీ నమ్మలేదు. యాభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, సొగసుగా రాయడం రాదు. చూసింది చూసినట్టు రాస్తాను.

లచ్చన్న మా ఊరివాడే, నాకు కొడుకు వరస. నా రూములోనే ఉండేవాడు. మూడేళ్ళ కిందట ఎండాకాలంలో డ్యూటీకని వెళ్ళి మళ్ళీ రాలేదు. చెప్పకుండా కంపెనీ వదిలి పారిపోయినవాణ్ణి ఇక్కడ ఖల్లివెల్లి అంటారు. వాణ్ణీ అదే అన్నారు. ఆస్పత్రుల్లో అడిగాం, జైల్లో అడిగించాం. జాడ లేదు.

ఊళ్ళో వాడి పెళ్ళాం లక్ష్మి ఎదురుచూస్తూనే ఉంది. దుబాయిలో ఏమయ్యాడో ఏమో, ఇక కర్మ చేసేద్దామని ఈ ఏడాది పెద్దలు పట్టుబట్టారు. మా ఊళ్ళో గల్ఫ్‌లో ఎక్కడున్నా దుబాయే అంటారు. ఆమె నాకు ఫోన్ చేసింది. ఉన్నాడో లేడో నువ్వు ఒక్క మాట చెప్పు మామా, నువ్వు చెప్పినట్టే చేస్తాను అంది.

ఆ శుక్రవారం తెలిసినవాళ్ళందరినీ మళ్ళీ అడిగాను. ఎవరూ చూడలేదు. కాళ్ళు పీకుతుంటే ఊరి నడిబొడ్డున ముషైరిబ్‌లో ట్రామ్ ఎక్కి కూర్చున్నాను. అందులో టికెట్ లేదు, చల్లగా ఉంటుంది. ఆమెకేం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. బయట ఇంకా ఎండ ఉంది.

మలుపు దగ్గర మా పక్కనుంచే ఇంకో ట్రామ్ ఎదురొచ్చింది. అందులో లచ్చన్న నిలబడి ఉన్నాడు. నీలం డ్యూటీ బట్టలు, తలకు ఎర్ర తువాల. నన్ను గుర్తుపట్టి, ఏంది సంగతి అన్నట్టు గడ్డం ఎగరేశాడు. అంతే, బండి దాటిపోయింది.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి ఆ మలుపు దాకా ఉరికాను. అక్కడున్నది ఒక్కటే పట్టా. దాని పక్కన రాతి గోడ. ఈ ట్రామ్ గుండ్రంగా ఒకే వైపు తిరుగుతుందని, ఎదురు బండి రాదని స్టాపులో ఉన్న నేపాలీ గార్డు చెప్పాడు.

కిటికీ అద్దంలో నీ నీడే చూసుకున్నావని రూములో నవ్వారు. నేను కూర్చున్నాను, వాడు నిలబడ్డాడు. నా తలకు తువాల లేదు.

మర్నాడు లక్ష్మికి ఉన్నదున్నట్టు చెప్పాను, ఎదురు బండి లేదన్న సంగతితో సహా.

"బక్కగైండా మామా?" అంది.

"లేదు బిడ్డా. డ్యూటీకి పోయిననాడు ఎట్లుండెనో గట్లనే ఉన్నడు. గవే బట్టలు."

ధైర్యం చెబుదామనే అన్నాను.

"మూడేండ్లాయె మామా. గవే బట్టలా?" అని మెల్లగా అడిగి, నేను నోరు తెరిచేలోగా ఫోన్ పెట్టేసింది.

వారం తిరగకముందే కర్మ చేయించింది. నన్ను ఎవరూ తప్పుపట్టలేదు.

నేను చూసింది బతికున్న మనిషినో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. రేపు వాడు నిజంగానే వచ్చి మా రూము తలుపు కొడితే, ఏం చెప్పాలో అది అసలే తెలియదు.