వేపకొమ్మ కట్టిన వారం

చెంపల మీది మొటిమల గుంటలను లేజరుతో చదును చేయించుకుని హైదరాబాదు నుంచి రామన్నపేటకు వచ్చిన రోజున నా ముఖం కందిపోయి, చుక్కలు చుక్కలుగా పొక్కు కట్టి ఉంది. వారం పాటు ఎండలోకి వెళ్లవద్దని, ఇచ్చిన లేపనం తప్ప మరేదీ రాయవద్దని డాక్టరుగారు చెప్పారు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. నల్లగొండలో ఉద్యోగం వచ్చాక నా కోసం నేను చేసుకున్న మొదటి పని ఇది. అయినా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అందుకు కారణం మా అవ్వ ముఖం.

అవ్వకు చిన్నతనంలో మశూచి సోకింది. నుదుటి నుంచి గడ్డం దాకా గుంటలే. అవి అమ్మతల్లి పెట్టిపోయిన గుర్తులని, ప్రాణం తీయకుండా వదిలి వెళ్లిందనడానికి అవే సాక్ష్యమని ఆమె నమ్మకం. అటువంటి గుంటలనే నా చెంపల మీద నేను భరించలేకపోయానని ఆమెతో ఎట్లా అనగలను?

నన్ను గడపలో చూడగానే అవ్వ రాట్నం మీద చుడుతున్న నూలు కండెను కింద పెట్టేసింది.

“అయ్యో బిడ్డా, అమ్మతల్లి పోసిందా నీకు!”

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అంతలోనే ఆమె తన కొడుకును, అంటే మా బాపును, మగ్గం గుంటలోంచి లేపి వేపకొమ్మలకు పంపింది. గుమ్మానికి కొమ్మలు కట్టారు. వంటలో తాలింపు మానేశారు. ఇరుగుపొరుగువారు వాకిట్లోనే ఆగిపోయారు. వెలుతురు పడని గదిలో నాకు చాప పరిచారు. డాక్టరుగారు కోరిన నీడ నేను అడగకుండానే దొరికింది. వేపాకు, పసుపు నూరి తెచ్చిన ప్రతిసారీ తర్వాత రాసుకుంటానని అవ్వను పంపించివేశాను. నిజం రేపు చెబుదామనుకుంటూ ఉండిపోయాను.

ఆ వారంలోనే కొత్తకోటలో అవ్వ తమ్ముని మనుమరాలి పెళ్లి. పెళ్లికూతురికి పెట్టడానికని బాపు చేత ప్రత్యేకంగా చీర నేయించింది. అమ్మతల్లి ఉన్న ఇంటి నుంచి శుభకార్యానికి వెళ్లరాదని నాకు తెలుసు. తెలిసీ, ఆ సంగతి తలపుకు రానీయలేదు. పెళ్లికి ముందురోజు ఆమె ఫోనులో తమ్మునితో మాట్లాడుతుండగా నా గదిలోకి ఇద్దరి మాటలూ వినిపించాయి.

“నేను రానురా తమ్మీ. పిల్లకు అమ్మతల్లి పోసింది.”

“నువ్వు రాకుంటే పందిట్ల నన్ను తిట్టేటోళ్లెవరే అక్కా?”

“ఫోన్లనే తిడ్త తియ్యి.”

నవ్వుతూనే అంది. ఫోను పెట్టేశాక మాత్రం చాలాసేపు రాట్నం చప్పుడు వినబడలేదు.

లేచి వెళ్లి అంతా చెప్పాను.

“కావాలని కాల్పిచ్చుకున్నవా?”

“గుంటలు పోతయని, అవ్వా.”

ఆమె తన చెంప తడుముకుంది. “నా మొకానికి గా మిషిని సాలదు బిడ్డా. ట్రాక్టర్ తోలాలె.”

నాకు నవ్వు రాలేదు. “అమ్మతల్లి కాదు గద అవ్వా. పొద్దుగాల బస్సుకు పో.”

“ఎట్ల పోత? ఆమె పేరు జెప్పి కొమ్మ కట్టిన. బోనం మొక్కిన. గిప్పుడు ఉత్తదే అంటే ఆమె తోటి పరాచికమాడినట్టు గాదా?”

అవ్వ వెళ్లలేదు. పొక్కులు రాలాక నా చేత అమ్మతల్లి పోచమ్మకు బోనం కుండ ఎత్తించి, ఆ తర్వాతే కొమ్మలు విప్పింది. పెళ్లినాటికి చేరవలసిన చీర, కొత్త జంట అత్తవారింటికి వెళ్లిపోయాక చేరింది.

గుంటలు ఒక్కసారితో పోవు. మళ్లీ రమ్మని డాక్టరుగారు చెప్పినా చాలాకాలం వాయిదా వేశాను. ఒక సాయంత్రం అవ్వే అడిగింది.

“గా మిషిని కాడికి మల్ల ఎప్పుడు పోతవ్? జర ముందుగాల చెప్పు. గా వారంల పెండ్లిళ్లున్నయేమో సూస్కుంట.”

“ఈసారి కొమ్మ కట్టేది లేదు గద అవ్వా. నువ్వెందుకు ఆగుడు?”

“మరి నీకు బువ్వెవరు పెడ్తరు? కాలిన మొకం తోటి పొయ్యి కాడ కూసుంటవా?”

తేదీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.