సొట్టల బండి బాబాయి

మా బాబాయికి లోకంలో ఏ వస్తువు చూపించినా ఒకటే ప్రశ్న: “విరిగితే?”

అందంగా ఉందా, అవసరమా అన్నవి ఆయనకి పట్టవు. పిన్ని ముచ్చటపడి అద్దం బల్ల కొందామంటే, షాపులోనే దాన్ని వేలితో టకటకా కొట్టి “పగిలితే?” అన్నాడు. షాపువాడు “ఇది పగలదండీ” అన్నాడు. “పగలనిది అద్దం ఎలా అవుతుందయ్యా?” అని పిన్నిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాడు. మా పక్కనే ఉన్న ఆ ఇంట్లో ఇప్పటికీ రేకు బల్ల మీదే భోంచేస్తారు. నేను కొత్త కళ్ళజోడు పెట్టుకుని వెళితే, నా ముఖం వదిలేసి ఫ్రేము వంక జాలిగా చూశాడు.

పాపం, ఆయన్ని అని లాభం లేదు. ఉద్యోగం అలాంటిది. ఓ ఇన్సూరెన్స్ కంపెనీలో సర్వేయరు. ప్రమాదాల్లో దెబ్బతిన్న కార్లు చూసి ఎంత నష్టమో తేల్చడం ఆయన పని. ఆరోగ్యంగా ఉన్న కారుని ఆఫీసు పనిమీద ఒక్కసారి కూడా చూసి ఎరగడు. దాంతో షోరూములో నిగనిగలాడే కారు కూడా ఆయనకి సగం నుజ్జయినట్టే కనిపిస్తుంది.

అలాంటి మనిషిని, అన్నయ్య కారు కొనే రోజున వెంటబెట్టుకెళ్ళడం మేం చేసిన బుద్ధితక్కువ పని. ఎర్ర కారు, పెద్ద ఇంజను, ఆకాశం కనబడేలా నెత్తిన అద్దం. అన్నయ్య కళ్ళు దానికే అతుక్కుపోయాయి. బాబాయి మాత్రం నేలమీద గొంతుక్కూర్చుని హెడ్‌లైటుని పరీక్షిస్తున్నాడు.

“ఇది పగిలితే?”

“సెట్టు మొత్తం మార్చాలి సార్” అన్నాడు సేల్స్‌మాన్.

“బంపరు గీసుకుపోతే?”

“అందులో సెన్సర్లుంటాయి సార్. అదీ మార్చాల్సిందే.”

“దొంగలకి నచ్చుతుందా?”

సేల్స్‌మాన్ దాన్ని మెచ్చుకోలనుకుని మురిసిపోయాడు. “ఎవరికైనా నచ్చి తీరుతుంది సార్!”

బాబాయి లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. “విన్నావురా? ఇంజను పెద్దది, సామాను ఖరీదు, దొంగలకి ముద్దు. వీటన్నిటికీ కలిపి నువ్వు ఏటేటా ఇన్సూరెన్స్ కట్టాలి. కొనడం ఒక్కసారే, కట్టడం మాత్రం బండి ఉన్నన్నాళ్ళూ.”

“దేవుడి దయవల్ల ఏమీ కాదులెండి సార్” అన్నాడు సేల్స్‌మాన్.

“ప్రీమియం కూడా ఆయనే కడతాడా?”

అన్నయ్య వినలేదు, కొన్నాడు. ప్రీమియం చూసి మాత్రం కాగితం తిరగేసి మళ్ళీ చదువుకున్నాడు. ఆ కంపెనీ పాలసీలో పేరున్నవాళ్ళు నడిపితేనే ఇన్సూరెన్స్ చెల్లుతుంది; అన్నయ్య తన ఒక్కడి పేరే రాయించాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ పేరు కూడా చేరిస్తే ఆ ప్రీమియం ఇంకెక్కడికో పోతుందట. అలా ఆ కారు స్టీరింగు మా వదినకి అందకుండా పోయింది.

ఇక బాబాయి సొంత బండి. అదసలు కారని ఒప్పుకోవడానికే కొంత పెద్దమనసు కావాలి. వెలిసిపోయిన గోనెసంచి రంగు, కుట్టుమిషనంత ఇంజను. తాళం వెయ్యకుండా వదిలేసినా దొంగ దాన్ని చూసి తప్పుకుపోతాడు. పైగా ఒళ్ళంతా సొట్టలు. నెలకో రెండు నెలలకో ఒక కొత్త సొట్ట పుట్టేది. వీధి వీధంతా నవ్వేది. “ఊరందరి యాక్సిడెంట్లూ చూసే పెద్దమనిషికి బండి నడపడం రాదు!” బాబాయి కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేవాడు.

ఇంతలో వదినకి మంచి అవకాశం వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో, కాళ్ళూ చేతులూ పట్టేసినవాళ్ళకి వ్యాయామం చేయిస్తుంది. లేవలేనివాళ్ళ ఇళ్ళకే వెళ్ళి ఆ పని చేసే ఉద్యోగం ఒకటి పడింది. ఆవిడ ఎన్నాళ్ళుగానో కోరుకుంటున్నది. కారు ఆసుపత్రివాళ్ళదే, కానీ నెలాఖరులోగా లైసెన్సు చూపించకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

“బాగా నేర్చుకో, అప్పుడు నా కారు ఇస్తాను” అన్నాడు అన్నయ్య ఉదారంగా.

“దేని మీద నేర్చుకోను?”

“అదే ఆలోచిస్తున్నా.”

ఆలోచన తెమలకముందే బాబాయి కబురు పెట్టాడు. మర్నాటినుంచి పొద్దున్నే గోదాముల వెనక ఖాళీ స్థలంలో పాఠాలు. తోడుగా నేను వెనక సీట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాణ్ణి. ఓ రోజు వదిన బండిని వెనక్కి తిప్పబోయి స్తంభానికి ధన్‌మని తగిలించింది. తలుపు లోపలికి పోయింది. వదిన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“మామయ్యగారూ... విరగ్గొట్టేశాను.”

బాబాయి దిగి చూశాడు. ఆశ్చర్యం, ఆయన ముఖం వెలిగిపోయింది.

“ఫరవాలేదమ్మా, ఈ తలుపు ఖాళీగానే ఉంది! ఇదిగో, ఈ మడత ఎదురింటి టైలరమ్మది. వెనకది రిటైరైన హెడ్మాస్టారిది. బానెట్టంతా మీ అత్తయ్యే.”

“నీవి ఏవి బాబాయ్?” అన్నాను.

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. “నేనెందుకు గుద్దుతానురా? నాకు డ్రైవింగ్ వచ్చు!”

“మరి వీధిలో అందరూ నవ్వుతుంటే చెప్పవేం?”

“టైలరమ్మ గుద్దిందని తెలిస్తే వాళ్ళాయన మళ్ళీ స్టీరింగు ముట్టుకోనిస్తాడా? నా పేరు పోతే ప్రీమియమేం పెరగదు.” బండి నెత్తిమీద ప్రేమగా తట్టాడు. “ఇది ఇంత నికృష్టంగా ఉంది కాబట్టే, ఎవరు నడిపినా చెల్లేలా పాలసీ తీసుకోగలిగాను. ఏరి ఏరి కొన్నానమ్మా దీన్ని. ఎక్కు, మళ్ళీ తిప్పు.”

నిజం చెప్పాలంటే, ఆయన్ని చూసి అన్నేళ్ళూ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ పూట మాత్రం ఆయన మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది.

నెలాఖరుకి రెండు రోజులుందనగా వదిన పరీక్ష పాసైంది. ఆ బండిలోనే ఇంటికొచ్చాం. అన్నయ్య గుమ్మంలోనే ఉన్నాడు. ముందుగా తలుపే చూశాడు.

“బాబాయ్, మళ్ళీ గుద్దావా?” అని వీధంతా వినబడేలా నవ్వాడు.

“ఏం చెయ్యనురా, కళ్ళు సరిగ్గా ఆనడం లేదు” అన్నాడు బాబాయి.

“అది నేను కొట్టింది” అంది వదిన. “లైసెన్సు కూడా నాదే.”

అన్నయ్య నవ్వు ఆగింది. పక్క వాకిట్లోంచి పిన్ని “బానెట్టు నాది” అంది. ఎదురింటి కిటికీలోంచి టైలరమ్మ తల బయటపెట్టి “ఆ మడత నాదండీ” అంది, మొగుడు పక్కనుండగానే. బాబాయి సిగ్గుతో బండి వెనక్కి నక్కాడు.

అందరూ లోపలికి వెళ్ళాక అన్నయ్య మెల్లగా బాబాయి దగ్గరికి చేరాడు.

“బాబాయ్, నాకూ... రివర్సు సరిగ్గా రాదు. రేపు పొద్దున్న ఖాళీయేనా?”

“నేనెందుకురా? మీ ఆవిడ నేర్పుతుంది” అన్నాడు బాబాయి. వదినని కేకేసి తాళాలు ఆవిడ చేతిలో పెట్టాడు. “వీణ్ణి కాస్త చూసుకో అమ్మా. కొత్తవాడు.”