మా వదిన ఏడో తరగతి

మా వదినను ఏడో తరగతి పాసైందని చెప్పి మా ఇంటికి ఇచ్చారు. నిజానికి ఆమె ఐదుతోనే బడి మానేసింది. ఈ సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. అప్పుడే ఆరు గట్టెక్కి ఏడులోకి వచ్చాను.

మా ఊరు యాడికి అనే మండల కేంద్రం పక్కన. తొంభైల చివరి సంవత్సరాలు. అన్న తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే చోట పనిచేస్తూ ఆదివారాలు ఇంటికి వచ్చేవాడు. నాయనకు పొలం, ఎద్దులు తప్ప వేరే లోకం లేదు. పెత్తనమంతా అమ్మదే. అమ్మకు అక్షరం ముక్క రాదు. బోర్డు చదవలేక ఒకసారి తాడిపత్రి బస్సనుకుని ఎక్కి గుత్తిలో దిగిందట. ఆ రోజే తీర్మానించుకుంది, కోడలంటూ వస్తే చదువొచ్చిన పిల్లే రావాలని.

వదిన వచ్చాక బోరింగు దగ్గర అమ్మ బిందె నిండేలోపు కనీసం ఇద్దరికైనా చెప్పేది. "మా కోడలు ఏడు పాసప్పా!" ఆ మాట చెవిన పడగానే వదిన కొంగు సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయేది. కొత్తకోడలు కదా, సిగ్గుపడుతోందని అనుకునేవాళ్ళం.

నేను ఏడులోకి రాగానే అమ్మ హుకుం జారీ చేసింది. "ఇంట్లో ఏడు పాసైన మనిషిని పెట్టుకుని నీకు ట్యూషనెందుకే? పుస్తకాలెత్తుకుని మీ వదిన కాడ కూర్చో." సరేనని ఆ సాయంత్రం లెక్కల పుస్తకం తెరిచి వదిన ముందు పెట్టాను. ఆమె ఆ పేజీని చాలాసేపు చూసింది. పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కి తిప్పింది. అమ్మ దొడ్లో ఉందని చూసుకుని, నా చెయ్యి పట్టుకుంది.

"పాపా, నేను ఐదే సదివినా. మీ అమ్మకు చెప్పాకు."

వాళ్ళ ఊళ్ళో బడి ఐదు వరకేనట. ఆ పైన చదవాలంటే వాన నీళ్ళు పారే వంక దాటి పక్క ఊరికి పోవాలి. ఆడపిల్లను ఒంటరిగా పంపలేక మాన్పించేశారు. "మా నాయన అబద్ధాలాడే మనిషి కాదు పాపా. పెండ్లి చూపులకు వచ్చినప్పుడు మీ అమ్మ 'ఏడో తరగతన్నా సదివిందా?' అనడిగితే, 'సదివింది' అని నోట్లోనుంచి వచ్చేసింది. ఆ భయానికే పెండ్లయినప్పటి నుంచి మీ గడప తొక్కలేదు. తెలిస్తే మీ అమ్మ నన్ను పుట్టింటికి తోలేస్తాది."

అమ్మ కోపం నాకు తెలుసు. తోలేయదులే అని ధైర్యం చెప్పలేకపోయాను. కానీ వదిన నా చెయ్యి వదలకుండా పట్టుకుంటే ఆమె మీద పట్టరానంత ప్రేమ పుట్టింది నాకు. చెప్పనని ఒట్టేశాను.

ఆ మరుసటి రోజు నుంచి మా నాటకం మొదలైంది. వదిన గొంతు పెద్దది చేసుకుని, "ఊ, చెప్పు! ఈపొద్దు బళ్ళో ఏం చెప్పినారు?" అని గద్దించేది. సార్లు చెప్పినదంతా నేను పూస గుచ్చినట్టు చెప్పేదాన్ని. ఆమె వినేది, అర్థం కాకపోతే "మళ్ళా చెప్పు, సరిగ్గా చెప్పు!" అనేది. పొయ్యి దగ్గరనుంచి అమ్మ మురిసిపోయేది. "సూడు, ఎట్ల గట్టిగా అడుగుతాందో! బళ్ళో సార్లు గూడా ఇంత అడగరు."

వేరుశనగ చెట్లు పీకి, ఇంటి ముందర కుప్ప వేసుకుని కాయలు తెంపే రోజుల్లో మా బడి అక్కడికి మారింది. చేతులకు పని, చెవులకు పాఠం. తెలుగు పద్యాలు వదినకు రెండుసార్లు వింటే చాలు. మూడోసారి నేను తప్పు చదివితే నన్నే దిద్దేది. సైన్సులో ఆమ్లాలు, క్షారాలు వచ్చినప్పుడు నవ్వింది. "పసుపంటిన గుడ్డకు సబ్బు పెడితే ఎర్రగయితాదని మాకు తెలుసు గానీ, దానికింత పెద్ద పేరుండాదని తెలీదమ్మా!" వేరుశనగ వేర్లకు బుడిపెలుంటాయని, అవి గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయని చెబితే మాత్రం నవ్వలేదు. చేతిలో ఉన్న చెట్టు తలకిందులు చేసి, మట్టి దులిపి, ఆ బుడిపెలను వేలితో తడిమి చూసింది. "పుట్టినప్పటినుంచి పీకుతానే ఉండా, ఒక్కనాడు సూడలేదు" అంది.

బీజగణితం దగ్గర బండి ఆగింది. "ఈ ఎక్స్ అనేది ఏంది పాపా? ఎంతో తెలీదంటావు, మళ్ళా దాన్ని కూడతావు, తీస్తావు!" తెలియనిదాన్ని ఉన్నట్టే అనుకుని లెక్క మొదలుపెట్టాలి, చివరికి అదెంతో తేలుతుందని సారు చెప్పిన మాటే చెప్పాను. వదిన నా పుస్తకంలోని ఎక్స్ మీద వేలు పెట్టింది. "మా నాయన చేసింది గూడా అదే గదా" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఎందుకే ఆ ఇకిలింపులని అమ్మ అరిచింది.

హిందీకి పాస్ మార్కులు తక్కువ కాబట్టి దాన్ని ఎవరమూ పట్టించుకోలేదు. ఇంగ్లీషులో ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి నడిచేది. సోషల్ మ్యాపులో నదులు గీయమంటే చక్కగా గీసింది. కృష్ణకు, గోదావరికి నీలం పెన్సిల్ తీసుకుంది. పెన్నేటికి పసుపు రంగు తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది.

"నీలం, వదినా! నదికి నీలమే వెయ్యాల."

"పెన్నేట్లో నీళ్ళు యాడ చూసినావు పాపా? మేము చిన్నప్పటినుంచి ఇసకలోనే దాటినాం."

నేనూ అంతే కదా. ఆ పసుపు పెన్నేరు అట్లాగే ఉంచేశాం.

సంక్రాంతి దాటాక ఊళ్ళో అంగన్‌వాడీ పోస్టు పడింది. ఏడు పాసైన ఆడవాళ్ళు కావాలన్నారు. అమ్మ పట్టరాని సంతోషంతో పరుగున ఇంటికి వచ్చింది. "నీకోసమే పడినట్టుండాది! రేపే మీ ఊరికి పోయి సర్టిఫికెట్ తెచ్చుకో" అంది వదినతో. వదిన గోడకు ఆనుకుంది. నా వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పి ఆ పూటకు గండం గడిపేద్దామని నేను నోరు తెరవబోయాను. వదిన వద్దని తల ఊపింది.

"అత్తా, నేను ఐదే సదివినా. నా కాడ సర్టిఫికెట్ లేదు."

అమ్మ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. ఆ పూట అన్నం తినలేదు. నాయన సర్దిచెప్పబోయాడు. "నూరు అబద్ధాలాడైనా ఒక పెండ్లి చెయ్యమన్నారు గదే, పోనీలే."

"నూరు ఆడమన్నారు. ఒక్కటాడి నా నెత్తిన పెట్టమన్నారా?" అని కసిరింది అమ్మ.

వదిన లోపల ట్రంకుపెట్టె తెరిచి చీరలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది. పొమ్మంటారు, పోవాలి కదా అన్నట్టు. నేను ఆమె పక్కన కూర్చుని ఏడుస్తూ, మడత పెట్టిన చీరలు మళ్ళీ విప్పేస్తున్నాను.

మర్నాడు పొద్దున అమ్మ గడపలో నిలబడింది. పెట్టె చూసింది. "ఆ పెట్టె ఎవరు తియ్యమన్నారు నిన్ను? ఊరంతా మా కోడలు ఏడు పాసని చెప్పుకుంటి. నా నోటి మాట అబద్ధం కాకూడదు. సారును అడిగొచ్చినా, ప్రైవేటుగా కట్టొచ్చంట. పాపతో పాటు నువ్వూ పరీక్ష రాయి."

వదిన లేచి నిలబడింది. "నేనా అత్తా?" అంది.

"మరి నేనా రాసేది? ముక్కు తుడుచుకుని పుస్తకం తియ్యి!"

ఆ పోస్టు మేము పుస్తకాలు సగం తిరగేసేలోపే ఇంకొకరికి పోయింది. అయినా అమ్మ వదల్లేదు. పేడ తానే ఎత్తింది, నీళ్ళు తానే మోసింది. వదిన చీపురు పట్టుకుంటే లాక్కుని, "ఆ లెక్కల సంగతి చూడు పో" అనేది. అన్న ఆదివారం వచ్చి పెళ్ళాం చేతిలో ఏడో తరగతి సోషల్ పుస్తకం చూసి బిత్తరపోయాడు. తరువాతి వారం ఆమెకొక పెన్ను తెచ్చాడు.

ఏప్రిల్ ఎండల్లో మండలం హైస్కూల్లో పరీక్షలు. చీర కట్టుకున్న వదిన వెనక బెంచీలో కూర్చుంటే పిల్లలు కిసుక్కుమన్నారు. ఆమె తల ఎత్తలేదు. సోషల్ పరీక్ష అయి బయటికి రాగానే నేను అడిగింది పెన్నేటి గురించే. "నీలమే పూసినా లే. మనసొప్పలేదు గానీ" అంది. అమ్మ వేపచెట్టు కింద మజ్జిగ చెంబుతో మాకోసం కాచుకుని ఉంది.

ఇద్దరం పాసయ్యాం. వదినకు లెక్కలు అంచుల మీద గట్టెక్కాయి, తెలుగులో మాత్రం నాకంటే ఎక్కువ వచ్చాయి. సారు చెప్పగానే అమ్మ, "రేపు పొద్దున మీ ఊరికి పోతాండాం" అంది వదినతో.

మేము ముగ్గురం వెళ్ళేసరికి వదిన వాళ్ళ నాయన పంచలో తాడు పేనుతున్నాడు. విషయం బయటపడిందని వదిన ఆయనకు చెప్పనే లేదు. చెబితే తిండి మానేస్తాడని ఆమె భయం. ఆయన మా అమ్మను చూశాడు, తరువాత కూతురి చేతిలోని సంచి చూశాడు. తాడు జారిపోయింది.

"తప్పంతా నాదమ్మా" అన్నాడు లేస్తూనే. "బిడ్డదేం లేదు. దాన్ని ఈడ వదిలిపెట్టి పోవద్దు తల్లీ."

"ముందు చెంబెడు నీళ్ళియ్యన్నా, ఎండన పడి వచ్చినాం" అంది అమ్మ. నీళ్ళు తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. "నీ బిడ్డ ఏడు పాసైంది."

ఆయనకు అర్థం కాలేదు. నిజమా అన్నట్టు కూతురి వైపు చూశాడు. వదిన తల ఊపింది. "పరీక్ష రాసినా నాయనా" అంది.

"మరి... నేను ఆపొద్దు అబద్ధం..." అని ఆగిపోయాడాయన.

"అబద్ధమేం కాదులే అన్నా" అంది అమ్మ. "రోంత ముందుగా చెప్పినావు, అంతే."

ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నచోటే కూర్చుండిపోయాడు. వదిన పోయి ఆయన పక్కన కూర్చుంది.