పది నిమిషాల గేటు

"—ఇరవై రెండు వేలేంట్రా, నీ బొంద! ఈ గ్రౌండులో అంతమందిని కుక్కాలంటే ఒకడి నెత్తిన ఒకణ్ణి నిలబెట్టాలి."

"నిలబెట్టారు కాబట్టే చెప్తున్నా. ఎవడో నా భుజాలెక్కి మొదటి సగమంతా చూశాడు. దిగేటప్పుడు వస్తానన్నా అని కూడా అనలేదు, దరిద్రుడు."

"నిన్ను గోడనుకుని ఉంటాడు."

గదిలో నవ్వులు రేగాయి. గ్యాలరీ మెట్ల కింద వలలూ, సున్నం బస్తాలూ, జెండా కర్రలూ పడేసుకునే గది అది. ఆదివారం మధ్యాహ్నం. ఇరవై రెండు వేలన్నది రిటైరైన బస్సు డ్రైవరు. కాదన్నది ప్రింటింగ్ ప్రెస్సు నడిపే ఆయన. ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టి యాభై ఏళ్ళవుతోందని అభిమానుల జ్ఞాపకాలతో ఒక పుస్తకం వేస్తున్నారు. ఆ పని ప్రెస్సాయన నెత్తిన పడింది. ఫోను బల్లమీద పెట్టి అందరి మాటలూ రికార్డు చేస్తున్నాడు.

తలుపు పక్కన బోర్లించిన బకెట్టు మీద తాళాలాయన కూర్చున్నాడు. గది తెరవడానికి వచ్చాడు. మళ్ళీ మూసేది కూడా తనే కనక ఉండిపోయాడు. అతన్నెవరూ ఏమీ అడగలేదు. అతనికి కావలసిందీ అదే.

పంతొమ్మిదో ఏట గడ్డి కొయ్యడానికి ఈ గ్రౌండులో చేరాడు. ముప్పై ఆరేళ్ళయింది. పాత కాపలాదారుకి చూపు మందగించాక తాళాల గుత్తి ఇతని నడుముకి వచ్చింది. మొత్తం పదమూడు తాళాలు. ప్రతి శుక్రవారం ఒక్కోదాన్నీ విప్పి, కోడి ఈక నూనెలో ముంచి లోపల తిప్పేవాడు. తాళంచెవి చప్పుడు లేకుండా తిరగాలి. కిర్రుమంటే అతనికి పళ్ళు జివ్వుమనేవి. ఆట జరుగుతుంటే బంతికి వీపు పెట్టి జనం వైపు చూస్తూ నిలబడే మనిషి ఆ గ్రౌండులో ఇతనొక్కడే. అలా చూస్తుండగానే ఒకరోజు, తమ్ముడికి అన్నం డబ్బా తెచ్చి గేటు దగ్గర తచ్చాడుతున్న పిల్ల కనబడింది. ఆ తమ్ముడు లారీలు బాగుచేసే మెకానిక్. మరుసటి ఏడు ఆ పిల్ల తాళాలాయన భార్య అయింది. మెకానిక్ బావమరిది అయ్యాడు.

గ్రౌండు వెనక గేటుకి ఒక పద్ధతి ఉంది. ఆట ముగియడానికి పది నిమిషాల ముందు దాన్ని బార్లా తీసేస్తారు. పైఊరి జట్టు తాలూకు జనాన్ని ఎప్పుడూ ఆ వైపే కూర్చోబెడతారు. ఇక్కడివాళ్ళతో తలపడకుండా ముందే జారుకుంటారని. టిక్కెట్టు దొరక్క బయట నిలబడ్డవాళ్ళు ఆ కాస్సేపూ ఊరికే చూడ్డానికి లోపలికొస్తారు. అందుకే దానికి పది నిమిషాల గేటని పేరు. తియ్యమని ఎవరూ చెప్పరు. తాళాలాయన చేతి గడియారం చూసుకుని తీస్తాడు. ముప్పై ఆరేళ్ళలో ఆ గేటు తెరుచుకోనిది ఒక్కసారే.

గదిలో మాటలు ఎటు తిరిగినా ఆ రోజు దగ్గరికే వస్తున్నాయి. ఇరవై ఆరేళ్ళ కిందటి సెమీఫైనలు.

"ఇసకేస్తే రాలని జనం," అన్నాడు డ్రైవరు. "దీపస్తంభాల మీద మనుషులు, గోడమీద మనుషులు. టైర్ల కొట్టు రేకుల మీద ఎంతమంది ఎక్కారో, ధబాల్న కూలింది. ఒకడి మోకాలిచిప్ప పక్కకి పోయింది. కాలు అటు తిరిగుంది, వాడు మాత్రం ఇటు తిరిగి 'గోలెవడు కొట్టాడన్నా' అని నన్నడుగుతున్నాడు."

"మనవాళ్ళే కదా మొదట చెయ్యి చేసుకుంది?" అన్నాడు ప్రెస్సాయన.

"ఎవడు చెప్పాడు నీకు?" మెకానిక్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. యాభై దాటినా మెడ ఎద్దు మెడలా ఉంటుంది. "వాళ్ళ వైపు నుంచి సగం ఇటుక వచ్చింది. ఇక్కడ తగిలింది." నోట్లో వేలుపెట్టి కట్టుడుపళ్ళు ఊడదీసి, ఫోను పక్కన బల్లమీద పెట్టాడు. "ఇదిగో. నా సొంత పళ్ళు నాలుగూ ఈ గ్రౌండులోనే ఉన్నాయి. తవ్వుకుంటే దొరుకుతాయి. ముఖచిత్రానికి ఇది వేసుకో."

"ఛీ, తియ్యరా, టీ తాగే బల్ల అది," అన్నాడు డ్రైవరు.

పళ్ళు మళ్ళీ పెట్టుకుని మెకానిక్ అందుకున్నాడు. కంచె పీకిన సంగతి, బెల్టు చేతికి చుట్టుకుని బకిలు వైపుతో కొట్టిన సంగతి, ఒకడి చెవి తెగి మెడమీద వేలాడిన సంగతి చెప్పాడు. పండగ ముచ్చట్లు చెప్పినట్టు చెప్పాడు. డ్రైవరు మధ్యమధ్య నవ్వాడు. ప్రెస్సాయన నవ్వలేదు.

"మరి పది నిమిషాల గేటు దగ్గర నలిగి చచ్చిపోయిన పైఊరివాళ్ళు ముగ్గురి సంగతేం రాయను?"

"ఉన్నదే రాయి. వాళ్ళలో గోడలకి రంగులేసే వాడొకడున్నాడు. బయటున్న మనవాళ్ళు గేటు తీసుకుని మీదికొస్తారని భయపడి, ఊచల్లోంచి చెయ్యిపెట్టి తాళంలో మేకు దూర్చాడు. మా బావ తియ్యబోతే తాళంచెవి పుటుక్కున విరిగింది. వాడు చచ్చాడు, ఇంకో ఇద్దర్ని చంపాడు. అంతే కదా బావా?"

తాళాలాయన తలూపాడు. ఈ విషయంలో అతను ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పని అదొక్కటే. ఎప్పుడూ నోరు విప్పి ఆ మాట అనలేదు.

"ఆ మేకు సంగతి అడగడానికే వచ్చాను."

గుమ్మంలో ఒక బక్కపలచని మనిషి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో ఎవరూ చూడలేదు.

"నేను ఆ రంగులేసేవాడి తమ్ముణ్ణి. టైలర్ని. జ్ఞాపకాలు చెప్పడానికి ఎవరైనా రావచ్చని పేపర్లో వేశారు."

ప్రెస్సాయన లేచి కుర్చీ చూపించాడు. టైలరు కూర్చోలేదు.

"పోయిన మిగతా ఇద్దరిదీ మా వీధే. ఎదురింటాయన ఒకడు, పక్కసందులోవాడు ఒకడు. మా అన్న గేటు బిగించి వాళ్ళని చంపాడని మా ఊరంతా అంటుంది. మా ఇంటి కిటికీకి అద్దం వెయ్యడం మానేశాం. వేస్తే రాయి పడుతుంది. మా అమ్మ ఈ ఇరవై ఆరేళ్ళూ వీధి కుళాయి దగ్గర అందరూ పట్టుకున్నాక పట్టుకుంటోంది. ఇప్పటిదాకా అది నోటిమాట. రేపు మీరు అచ్చులో వేస్తే ఆవిడ బతికుండగా ఇక చెరగదు. మేకు చూసినవాళ్ళెవరో చెప్పండి. నిజంగా చూశామంటే వెళ్ళిపోతా."

"ఇన్నేళ్ళకి గుర్తొచ్చాడా అన్న?" అన్నాడు మెకానిక్.

"రోజూ గుర్తొస్తాడు. ఒంటిమీద నెత్తురు కడిగింది నేనే. పక్కటెముకలు చేతికింద కదిలాయి. మేకు పట్టుకుంటే అరచేతిలో గీతైనా ఉండాలి కదా. గోళ్ళలో నీలం రంగు తప్ప ఏమీ లేదు."

"అంటే మా బావ అబద్ధమాడాడంటావా?"

"ఆయన్ని మాట్లాడనివ్వండి, చాలు."

"మా గ్రౌండుకొచ్చి మమ్మల్నే—"

మాట పూర్తికాకుండానే మెకానిక్ చెయ్యి లేచింది. దెబ్బకి టైలరు సున్నం బస్తాల మీద పడ్డాడు. బస్తా పగిలి గదంతా తెల్లగా లేచింది. వాడు లేచి, తల వంచుకుని వచ్చి మెకానిక్ పొట్టలో గుద్దాడు. బల్ల తిరగబడింది. డ్రైవరు "ఒరేయ్, ఒరేయ్" అంటూ గోడకి అంటుకుపోయాడు. మెకానిక్ టైలరు మెడ పట్టుకుని కిటికీ దాకా ఈడ్చి, మొహాన్ని ఇనుప జాలీకేసి నొక్కాడు. టైలరు పెదవి జాలీ గడుల్లోంచి అవతలికి పొడుచుకొచ్చింది. కన్ను సగం మూసుకుపోయింది. ఒక చెయ్యి జాలీని పట్టుకుని వేళ్ళు బిగించింది.

తాళాలాయన బకెట్టు మీంచి లేచాడు. ఆ వేళ్ళు అతనికి తెలుసు.

ఆ రోజు గడియారం ప్రకారం సమయమైంది. బయటి జనమంతా కూలిన టైర్ల కొట్టు దగ్గర మూగారు. తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని గేటు బయటివైపు నుంచి నడిచి వస్తున్నాడు. ముందు గేటులోంచి బయటపడి బావమరిది ఎదురొచ్చాడు. నోరు నోరులా లేదు. మాట్లాడుతుంటే నెత్తురు బుడగలు వస్తున్నాయి. "బావా, తియ్యకు. ఒక్కణ్ణి కూడా పోనివ్వకు." లోపల ఇక్కడివాళ్ళు కంచె విరగ్గొట్టి మైదానం దాటి వస్తున్నారు. వాళ్ళ చేతుల్లో కర్రలున్నాయి. పైఊరివాళ్ళు గేటు వైపు పరిగెత్తారు. ఈ వేళకి ఇది తెరిచి ఉంటుందని వాళ్ళకి తెలుసు. అందరికీ తెలుసు. వందలమంది ఒకరిమీద ఒకరు వచ్చి ఊచలకి గుద్దుకున్నారు.

అందరికంటే ముందున్నవాడు ఊచల్లోంచి చెయ్యి చాపి తాళం పట్టుకున్నాడు. గోళ్ళ నిండా నీలం రంగు. "అన్నా, తియ్యన్నా. ఊపిరాడట్లేదన్నా." తాళాలాయనకీ వాడికీ మధ్య బారెడు దూరం కూడా లేదు. తాళంచెవి చేతిలో ఉంది. తాళానికి ముందురోజే నూనె వేశాడు. చొక్కామీద బావమరిది నెత్తురు ఇంకా వెచ్చగా ఉంది. కాసేపు నలగనీ, అనుకున్నాడు. అనుకుని, హాయిగా నిలబడ్డాడు. ఆ హాయి సంగతి తరవాత భార్యక్కూడా చెప్పలేదు. లోపల ఎండుపుల్లలు తొక్కినట్టు చప్పుళ్ళు మొదలయ్యాయి. వాడి మొహం నల్లబడింది. నాలుక బయటికొచ్చింది. అరిచే గొంతులు ఒక్కొక్కటే తగ్గాయి. తాళం పట్టుకున్న వేళ్ళు మాత్రం వదల్లేదు. ఆరు నిమిషాలు.

అప్పుడు భయమేసింది. పోలీసులు గడ్డపారలతో వస్తున్నారని ఎవరో అరిచారు. బావమరిది జేబులోంచి పట్టకారు తీసి చేతిలో పెట్టాడు. "విరగ్గొట్టు బావా. లోపల విరగ్గొట్టు." ఆ చచ్చిన వేళ్ళు విడదీసి, తాళంలో చెవి దూర్చి, పట్టకారుతో పక్కకి వంచి విరిచాడు. తరవాత ఒక అధికారి అడిగాడు, లోపలివాళ్ళెవరైనా మేకో ఏదో దూర్చారా అని. తలూపాడు. మేకు కోసం ఎవరూ వెతకలేదు.

ఇప్పుడు మెకానిక్ రెండో చేత్తో జెండా కర్ర అందుకున్నాడు. చివర ఇనుప పొన్ను ఉన్న కర్ర. ఎత్తాడు. తాళాలాయన మధ్యలో దూరాడు. దెబ్బ అతని చెవి మీద పడింది. గదంతా ఒక్కసారి గింగిరాలు తిరిగింది. కింద పడలేదు. బావమరిది మణికట్టు రెండు చేతులతో పట్టుకుని కర్ర ఊడేదాకా మెలిపెట్టాడు.

"మేకు లేదు," అన్నాడు.

"బావా, నోర్ముయ్యి."

"తాళం బాగానే ఉంది. చెవి నేనే విరిచాను. మనుషులు చచ్చాక విరిచాను. ఆ అబ్బాయి నన్ను తియ్యమని అడిగాడు. నేను తియ్యలేదు."

"బావా, ఇంట్లో అక్క ఉంది. అదేమైపోతుందో ఆలోచించావా? నేనేమైపోవాలి?"

ప్రెస్సాయన కింద పడ్డ ఫోను తీశాడు. అది ఇంకా వెలుగుతూనే ఉంది. "రికార్డవుతోంది బాబాయ్. ఆపనా?"

"ఆపకు."

టైలరు జాలీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. సున్నం అంటిన మొహంమీద గడులు గడులుగా నెత్తురు. తాళాలాయన దగ్గరికొచ్చి, పిడికిలి బిగించి మూతిమీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. తాళాలాయన చేతులు కిందికే ఉన్నాయి. మూడో దెబ్బకి మోకాళ్ళమీద కూలాడు. నడుముకున్న తాళాల గుత్తి నేలకి కొట్టుకుంది. మెకానిక్ అడుగు ముందుకేశాడు. డ్రైవరు అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"అడిగాడా?" అన్నాడు టైలరు. "నిన్ను ఏమని అడిగాడు?"

"అన్నా అని పిలిచాడు. ఊపిరాడట్లేదన్నాడు."

టైలరు నాలుగోసారి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి గోడకి జారబడి కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. బయట గ్రౌండులో ఎవరో బంతి గోడకేసి కొడుతున్న చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది.

తాళాలాయన సున్నంలోకి నెత్తురు ఉమ్మి, బల్లకాలు పట్టుకుని లేచాడు.

"రేపు పొద్దున మొదటి బస్సుకి నీతో మీ వీధికి వస్తున్నాను," అన్నాడు. "మీ అమ్మగారి ముందూ, ఆ రెండిళ్ళ ముందూ నేనే చెప్తాను."