ఏమీ వేయని నేల

యూనివర్సిటీలో ఏం చదువుతున్నావని మా వాళ్ళు అడిగితే మట్టి చదువు అని చెప్పి తప్పించుకునేదాన్ని. మా ఇంటి తెలుగులో నత్రజనికి మాట లేదు. కోవిల్‌పట్టి బడిలో దాన్ని తమిళంలో నేర్చుకున్నాను, విరుదునగర్ ల్యాబులో ఇంగ్లీషులో రాసుకున్నాను, పెద్దమ్మకి మాత్రం ఏ భాషలోనూ చెప్పలేకపోయాను. నల్లరేగడిలోని నత్రజని పంటలోకి ఎంత పోతుంది, గాలిలోకి ఎంత లేచిపోతుంది, మళ్ళీ నేలకి ఎంత తిరిగొస్తుంది అన్నదే నా పరిశోధన.

పెద్దమ్మ అంటే మా నాన్న అన్నగారి భార్య. పుదూరు దగ్గర వానాధారపు జొన్నచేనులో నాకు ఐదు ముక్కలు వదిలిపెట్టింది. నాలుగింటికి తలా ఒక రకం ఎరువు. ఐదోదానికి మూడేళ్ళపాటు ఏమీ వేయకూడదు. యూరియా వద్దు, పేడ వద్దు, ఇంటి బూడిద కూడా వద్దు. మిగతా నాలుగింటినీ దానితోనే పోల్చాలి కాబట్టి, అది చెడితే నా థీసిస్ మొత్తం చెడినట్టే.

ఆ ఐదో ముక్క పెద్దమ్మకి మొదటి నుంచీ మింగుడు పడలేదు. అక్కడ జొన్న గిడసబారి నిలబడితే, మీ పిల్ల ఇంత చదివి పండించేది ఇదా అని దారిన పోయేవాళ్ళు ఆమెనే ఎగతాళి చేసేవాళ్ళు. అయినా మాట తప్పలేదు. దారి తప్పిన మేక ఒకటి అందులో అడుగుపెడితే చేతికర్ర పుచ్చుకుని ఊరిదాకా తరిమిందట. మొక్కు తీర్చుకునేవాళ్ళు కూడా అంత నిష్ఠగా ఉండరు.

మా వైపు కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మంద కట్టిస్తారు. రాత్రంతా గొర్రెలు పడుకుని లేచిన చోట మిగిలే పెంట, ఒంటేలే ఆ నేలకి ఏడాది బలం. మంద ఒకటే, పొలాలు చాలా, కనుక వంతులుంటాయి. వంతు పోతే మళ్ళీ మరుసటి ఏడే.

మూడో ఏడు కోత అయింది. గింజలు తూచుకుని విరుదునగర్ వెళ్ళిపోయాను. ఇక చివరిసారి మట్టి తీయడం ఒక్కటే మిగిలింది. మట్టి తీసే గొట్టం మా ల్యాబు మొత్తానికీ ఒక్కటే. అది వేరే వాళ్ళు పట్టుకెళ్ళడంతో ఆరు రోజులు ఆగాల్సి వచ్చింది. ఆ ఆరు రోజుల్లో పెద్దమ్మకి ఒక్క ఫోన్ చేయాలని నా బుర్రకి తట్టలేదు.

గొట్టం భుజాన వేసుకుని, ఆమెకిష్టమైన కోవిల్‌పట్టి పల్లీ మిఠాయి సంచిలో పెట్టుకుని దిగాను. ఐదో ముక్క ఈ చివర నుంచి ఆ చివరిదాకా గొర్రెల పెంటతో నిండి ఉంది. పెద్దమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

“మూడేండ్లు పట్టిని ఉండె గదా పాపా, పావం. కోత అయిపోయె, నీ పనీ ముగిసె అనుకుంటి. నా వంతు మంద దానికే కట్టిస్తిని.”

పట్టిని అంటే పస్తు. మూడేళ్ళు పస్తున్న నేలకి ఆమె తన వంతు అన్నం పెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అరవాలనిపించింది, కానీ ఎవరి మీద అరవను? రైతుకి కోతతో ఏడు ముగుస్తుంది. కోత తర్వాత నేలలో ఏం మిగిలిందో చూస్తే గాని నాకు ముగియదు. ఆ ఒక్క మాట మూడేళ్ళలో ఏనాడూ ఆమెకి చెప్పలేదు. గైడ్ సార్‌కి ఫోన్ చేశాను. మళ్ళీ మూడేళ్ళు చేయి, లేదంటే రెండేళ్ళ లెక్కలతో సరిపెట్టుకో అన్నారు. నా ఫెలోషిప్ ఆ వానాకాలంతో అయిపోతోంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కూర్చుని పెంట ఏరడం మొదలుపెట్టాను. పెద్దమ్మ ఎందుకని అడిగితే, ఇంకా మట్టి తీయాల్సి ఉందని చెప్పాను. ఆమె గబగబా పోయి గంప తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది, పొద్దు మునిగేలోగా అంతా ఏరేద్దామంది. ఒంటేలు అప్పటికే నేలలో ఇంకిపోయి ఉంటుందని నాకు తెలుసు. అయినా చాలాసేపు ఏరాను. చివరికి చెప్పాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. “నేనే చెరిపేస్తినా పాపా?”

లేదన్నాను. నమ్మలేదు.

రెండేళ్ళ లెక్కలతోనే థీసిస్ ఇచ్చేశాను. అసలు ప్రశ్నకి అందులో జవాబు లేదు. ఇచ్చిన రెండు నెలలకి, కార్తీకంలో, చేను చూడడానికి వెళ్ళాను. ఐదో ముక్కలో జొన్న నా తల దాటి ఏపుగా, ముదురాకుపచ్చగా ఉంది. పక్కన పెద్దమ్మ సొంతానికి ఉంచుకున్న పొలం పసుపుబారి మోకాలు దాటలేదు. తన వంతు మంద ఐదో ముక్కకే పోయిందని పక్కింటివాళ్ళు యూరియా ఇస్తామన్నా ఆమె వద్దందట.

నన్ను ఆ పొలంలోకి చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. “దీనికి నేను ఏమీ వేయలే. దీంట్లో మన్ను తీసుకో పాపా.”

ఒక్క ఏడు పస్తు దేనికీ చాలదు. గొట్టం కూడా తెచ్చుకోలేదు. వంగి చేత్తోనే ఇంత మట్టి తీసి సంచిలో వేసుకున్నాను.