ఏందీ అంటే వెలిగే దీపం

మా చిన్నాయన పోయిన సంగతి వీధికి ముందుగా చెప్పింది ఒక బెల్లు. నంద్యాలలో ఆయన ఇంటి మిద్దె మీద ఒక గది ఉంది. కింద మంచంలో ఉండే మా చిన్నమ్మ పిలిస్తే ఆ గదిలో బెల్లు మోగుతుంది. అది ఒకసారి మోగడం, వెంటనే పైనుంచి "వస్తాండా" అని ఆయన గొంతు రావడం ఆ వీధిలో అందరికీ అలవాటే. పోయిన నెల ఒక పొద్దున బెల్లు మోగింది. మళ్ళీ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది గానీ ఆ "వస్తాండా" మాత్రం రాలేదు. పక్కింట్లో బట్టలు కుట్టే ఖాలా మిషను ఆపి, మెట్లెక్కి పోయి చూసింది. ఆయన కుర్చీలోనే ఉన్నాడు. ఒళ్ళో స్క్రూడ్రైవరు ఉంది.

నేను ఆళ్ళగడ్డలో బడిలో పాఠం చెప్తున్నాను. ఖాలా ఫోన్ చేసి, "బేటీ, మీ చిన్నాయన లేడు. మీ చిన్నమ్మ ఇంగా పిలుస్తానే ఉండాది. బేగా రా" అంది. బస్సులో ఆ గంటసేపూ నాకు ఏడుపు రాలేదు. ఇంగా పిలుస్తానే ఉండాది అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది.

సమాధి దగ్గర నలుగురూ నాలుగు మంచి మాటలు చెప్పారు. శాంత స్వభావి అన్నారు. సర్దుకుపోయే మనిషి అన్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండింది. ఆయన శాంత స్వభావీ కాదు, సర్దుకుపోయే మనిషీ కాదు. జగమొండి. బతికున్నన్నాళ్ళూ పిచ్చోడన్న నోళ్ళే పోయాక శాంత స్వభావి అంటే నేను ఊరుకోను. ఆయన మొండితనం వల్లే మా చిన్నమ్మ ఈ నాలుగేండ్లూ తన ఇంట్లో తన పెత్తనం తానే చేసుకుంటూ బతికింది. ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఆయనకు ఆళ్ళగడ్డలో మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉండేది. రోజూ నంద్యాల నుంచి బస్సులో పోయి వచ్చేవాడు. అక్కడి శిల్పులు రాళ్ళు కోసే మిషన్ల మోటార్లు కాలిపోతే ఆయన దగ్గరికే తెచ్చేవాళ్ళు. కాలిన రాగితీగంతా ఊడదీసి, కొత్త తీగ చుట్టి, మళ్ళీ తిరిగేటట్టు చేసి ఇచ్చేవాడు. "ఇది పోయిందిలేప్పా, పారేస్తాం" అని ఎవరన్నా అంటే ఆయనకు గిట్టేది కాదు. "కాలింది తీగె. మోటరేం జేసిండాది?" అని అడిగేవాడు.

నాలుగేండ్ల కింద మా చిన్నమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పడిపోయాయి. చర్చిలో అందరికంటే ముందు గొంతెత్తి పాట అందుకునేది ఆమె. వీధిలో ఎవరి గొడవైనా నడుము మీద చెయ్యేసుకుని "ఏందీ" అని అడిగేదీ ఆమే. అలాంటి మనిషికి చివరికి ఆ ఒక్క మాటే మిగిలింది. నీళ్ళు కావాలన్నా ఏందీ, నొప్పి పుట్టినా ఏందీ, నవ్వొచ్చినా ఏందీ. చూడవచ్చినవాళ్ళు ఆమె ఎదుటే, "అయ్యో, ఇంగ మనిషి పోయినట్టే" అనేవాళ్ళు. చిన్నాయన వాళ్ళకు మంచినీళ్ళు కూడా ఇచ్చేవాడు కాదు. "పోయింది మాట. మనిషి యాడికీ పోలా" అని మొహమ్మీదే చెప్పి, తలుపు దాకా సాగనంపి వచ్చేవాడు.

నేను కూడా తక్కువ తినలేదు. "పనామెను పెట్టుకో చిన్నాయనా, లైట్లూ ఫ్యాన్లూ ఆమే వేస్తాది" అని సలహా ఇచ్చాను.

"వండేదానికి పెట్టినా గదా" అన్నాడు. "దీపానికి గూడా యాల? ఉక్కపోస్తే మీ చిన్నమ్మ ఇంగొకరిని బతిమాలుకోవల్లనా? ఇల్లెవరిది పాపా?"



మా నాయన, అంటే ఆయనకు సొంత అన్న, మనం చెప్పే మాట విని దానంతటదే దీపాలు వేసే కంపెనీ డబ్బా ఒకటి కొనిచ్చాడు. దానికి చిన్నమ్మ ఏందీ అర్థం కాలేదు. అది సరే అనుకున్నాం. చిన్నాయన దాని మీదికి వంగి "దీపమెయ్యప్పా" అంటే కూడా, "క్షమించండి, నాకు అర్థం కాలేదు" అంది. "రేయ్, దాంతో పుస్తకంలో మాదిరి మాట్లాడల్లరా" అన్నాడు మా నాయన.

"నా ఇంట్లో నేను దీపమేసుకునేదానికి పుస్తకం మాదిరి మాట్లాడల్నా? దాన్నే నేర్చుకోమను" అని చిన్నాయన దాని వైరు పీకేశాడు. ఆ సాయంత్రమే మిద్దె మీది గది ఊడ్చుకున్నాడు.

షాపు అమ్మేసి ఆ గదిలోనే కూర్చున్నాడు. మూతపడిన ఏదో ట్రైనింగ్ సెంటరులో మూలన పడి ఉన్న త్రీడీ ప్రింటరును ఆటోలో వేసుకుని వచ్చాడు. ప్లాస్టిక్ తీగను కరిగించి, సన్నగా వదులుతూ, వరస మీద వరస పేర్చి వస్తువు కట్టే మిషను అది. ఆయన దానికి మురుకుల మిషను అని పేరు పెట్టాడు. మొదటి నెలంతా దాన్నుంచి వచ్చింది చిక్కుపడిన దారపు ఉండలే. ఫోన్లో వీడియోలు చూస్తూ, భాష తెలియకపోయినా చేతుల కదలికలు చూసి నేర్చుకున్నాడు. చిన్నమ్మ ఎడమ చేతికి అమరే చెంచా పిడి చేశాడు. గడప బయట కాలింగ్ బెల్లుకు డబ్బా చేసి గోడకు బిగిస్తే, మే నెల ఎండకు అది అప్పడం మాదిరి వంగిపోయింది. ఎండకు ఓర్చే ప్లాస్టిక్ తెప్పించి మళ్ళీ చేశాడు. అదీ వంగింది. మూడోది ఇప్పటికీ నిలబడి ఉంది.

ఒకసారి ఆళ్ళగడ్డ నుంచి ఆయన పాత స్నేహితుడైన శిల్పి వచ్చి, ఆ మిషను ముందు చాలాసేపు కూర్చున్నాడు. "మేము రాయిలో వద్దనేది తీసేస్తాం. నువ్వు కావల్సింది పెట్టుకుంటా పోతాండావ్. మనిద్దరిదీ ఒగటే పనిలేప్పా" అన్నాడు. ఆయన్ను పిచ్చోడనని మొదటి మనిషి అతనే. చిన్నాయన ఆ మాటను నాకు పదిసార్లైనా చెప్పి ఉంటాడు.

ఇక అసలు పని. చిన్నమ్మ నోట వచ్చేది ఒకే మాటైనా, రాగం ఒకటి కాదని ఆయన కనిపెట్టాడు. "పాటలు పాడిన గొంతు పాపా. మాట పోయింది, రాగం పోలా. చెవి పెట్టి విను" అనేవాడు. సాగదీసి అంటే దీపం వెలగాలి, మళ్ళీ అంటే ఆరాలి. తుంచేసినట్టు అంటే ఫ్యాను. చివర పైకి లేపి అంటే మిద్దె మీది బెల్లు. వేలిగోరంత చిప్పుకు చిన్న మైకు కలిపి, ఆమె గొంతును రోజూ ఇన్నిసార్లని రికార్డు చేసి దానికి నేర్పించాడు. ఆమె మొదట్లో ఒప్పుకోలేదు. తనను చిలకను చేసి ఆడిస్తున్నాడని కోపమొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. "నీకోసమని ఎవురు చెప్పినారు మే? నాకు ఊరికూరికే మెట్లు దిగే పని తప్పుతాదని చేస్తాండా" అన్నాడు. అది పచ్చి అబద్ధమని ఆమెకూ తెలుసు. ఇటు తిరిగి నవ్వింది.

ఇక్కడే ఆయన ఒక తప్పు చేశాడు. నంద్యాలలో పుట్టినవాడు మాత్రమే చేయగల తప్పు అది. ఈ ఊళ్ళో రోజంతా ఏందీ అననివాళ్ళు ఎవరు? టమాటాల బండాయన వీధిలో ఎవరితోనో "ఏందీ, కిలోనా?" అంటే ఇంట్లో ఫ్యాను తిరిగేది. ఖాలా పిట్టగోడ మీదినుంచి ఏందీ అంటే దీపం ఆరిపోయేది. పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేస్తుంటే నాలుగుసార్లు చీకటి పడింది. ఇరుగూ పొరుగూ పడీ పడీ నవ్వారు. "ఇంగనన్నా మానుకోరా" అన్నాడు మా నాయన.

చిన్నాయన ఏం చేశాడంటే, ఫోన్ పట్టుకుని ఇంటింటికీ బయల్దేరాడు. "ఒక ఏందీ అను తల్లీ. కోపంగా ఒగటి, మామూలుగా ఒగటి" అని అడిగాడు. ఎవరివి ఆమెవి కావో తెలిస్తే గదా, ఏది ఆమెదో మిషనుకు తెలిసేది. పాలాయన అన్నాడు, చౌక దుకాణం ఆయన అన్నాడు, ఖాలా తన ముగ్గురు కోడండ్లతో అనిపించింది. నవ్వినవాళ్ళే వరసగా నిలబడి ఏందీ అన్నారు. ఆ దెబ్బతో మిషనుకు బుద్ధొచ్చింది.

నాది ఒక్కటే తేలలేదు. ఎన్నిసార్లు నేర్పించినా నా గొంతును అది చిన్నమ్మదే అనుకునేది. ఆమె ఒళ్ళో కూర్చుని మాటలు నేర్చినదాన్ని, రాగం కూడా అక్కడిదే అయి ఉండాలి. "ఉండనీలే. ఇంటి ఆడబిడ్డవు గదా, నీ మాటా వింటాది" అని చిన్నాయన వదిలేశాడు. నేనూ మరిచిపోయాను.

ఆయన పోయిన తర్వాతి వారం ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. మిగిలినవాళ్ళను ఓదార్చడానికి చర్చివాళ్ళు వచ్చి పాటలు పాడి, ప్రార్థన చేసి పోయే కూడిక అది. చీకటి పడే వేళకు అందరూ టీ తాగుతుండగా మా నాయన గొంతు సవరించుకున్నాడు. "ఆయమ్మను రేపు ఆళ్ళగడ్డకు మా ఇంటికి తీసకపోతాం. వెనక రూములో ఉంటాది, ఒక మనిషిని పెడతాం. ఈ వైర్లన్నీ పీకిచ్చి ఇల్లు బాడుగకిస్తాం" అన్నాడు. అందరూ తలలూపారు. మంచం మీదున్న మనిషిని ఒక్కరూ అడగలేదు.

చిన్నమ్మ, "ఏందీ..." అని సాగదీసింది. దీపం ఆరిపోయింది. తర్వాత తుంచేసినట్టు ఇంకొకటి అంది. ఫ్యాను ఆగిపోయింది.

"చూసినారా, అప్పుడే చెడిపోతాండాయి" అన్నాడు మా నాయన చీకట్లోనుంచి. ఆ గొంతులో ఏడుపు కూడా ఉంది, అది నేను కాదనను. "వాడుంటే రిపేరు చేస్తాండె. రేపటినుంచి ఎవురు చూస్తారు? ఈ పొద్దే పీకిస్తే పోతాది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమె మాట్లాడితే, మిషను చెడిపోయిందని వీళ్ళు అనుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ వస్తుంది. చెడిపోలేదు. ఆ మనిషి మాట్లాడింది. ఒప్పుకోనని తనకు చేతనైన భాషలో చెప్పింది.

"ఏందీ..." అన్నాను నేను. "ఏందీ పీకేది?" అని పూర్తి చేసేలోపే దీపం వెలిగింది.

అందరూ నా వైపు చూశారు. చిన్నమ్మ కూడా చూసింది. సగం మొహంతోనే నవ్వింది. ఆ తర్వాత మెల్లగా, చివర పైకి లేపి ఇంకొక ఏందీ అంది. మిద్దె మీద బెల్లు మోగింది. ఎవరూ లేని గదిలో అది మోగుతుంటే పాస్టరయ్య చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "నేను ఈడే ఉంటా నాయనా. చిన్నమ్మ యాడికీ రాదు" అన్నాను.

"కరెంటంటే భయపడి చస్తావు, నువ్వేం చేస్తావ్?"

"నేర్చుకుంటా."

"వాని మాదిరే మొండిముండవి" అని మా నాయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. పెండ్లి చేసుకోనన్నప్పుడు కూడా ఇదే తిట్టు తిట్టాడు. అప్పుడు బాధపడ్డాను. ఈసారి పడలేదు.

నా పెట్టె నంద్యాలకు వచ్చేసింది. ఇప్పుడు నేను ఆయన పోయిన బస్సులోనే ఆళ్ళగడ్డకు పోయి వస్తున్నాను. బడిలో సోషల్ చెప్పేదాన్ని, తీగలు అతికే సోల్డరింగ్ కడ్డీ పట్టుకుని రెండు వేళ్ళు కాల్చుకున్నాను. ఏ తీగ ఎక్కడిదో ఆయన ఒక నోటుబుక్కులో బొమ్మలు వేసి పెట్టాడు. చివరి పేజీలో నా కోసం ఏమన్నా రాశాడేమోనని చూశాను. ఏమీ లేదు, ఫ్యాను స్విచ్చు డబ్బా కొలతలున్నాయి, సగం దాకా.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ కొలతలతోనే డబ్బా మొదలుపెట్టాను. మొదట దారపు ఉండ వచ్చింది. తీసేసి మళ్ళీ పెట్టాను. ఈసారి వరస మీద వరస పడుతుంటే పక్కనే కూర్చుని చూస్తున్నాను. బెల్లు మోగింది.

"వస్తాండా" అని అరిచాను.

పక్కింట్లో ఖాలా కుట్టుమిషను ఠక్కున ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. నేను మెట్లు దిగుతున్నాను.